సోలడు తవుడు

నేను ఒక సోలను. ఇప్పటి వాళ్లలో చాలామందికి సోల అంటే తెలియదు కాబట్టి చెబుతున్నాను, బియ్యం, పప్పులు, తవుడు కొలిచే పాత్రను. నాతో నాలుగుసార్లు పోస్తే మానిక. ఇత్తడి ఒళ్లు, అడుగున సర్కారు వారి ముద్ర. ఆ ముద్ర వల్ల నాకు కాస్త పొగరు ఉంది, దాచుకోను. నాకు ఎక్కువ తెలియదు, తక్కువ తెలియదు. నింపి అంచు మీద చేత్తో చదును చేస్తే ఎంతో అంతే. మనుషులు అలా కాదు. తీసుకునేటప్పుడు నన్ను నేలకేసి కుదిపి ఇంకో గుప్పెడు దూరుస్తారు, ఇచ్చేటప్పుడు వదులువదులుగా పోస్తారు. ఒకే చెయ్యి, ఒకే సోల, రెండు కొలతలు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఒక్కరూ సిగ్గుపడ్డట్టు కనిపించలేదు.

నన్ను చేసిన కంచరి సూరన్నకు ఒక కన్ను సరిగ్గా కనిపించేది కాదు. అందుకే వేలితో తడిమి తడిమి నా అంచు సాపు చేశాడు. సర్కారు కచేరీలో ముద్ర వేయించుకుని నేను సంతకు వెళ్తే, విజయనగరం వైపు నీలాడవలస అనే ఊరి మనిషి ఒకడు నన్ను కొని కొత్త పెళ్లానికి తెచ్చి ఇచ్చాడు. ఆ పెళ్లాం పేరు పారమ్మ. మూడేళ్లకు అతను చెరువు పనిలో మట్టిపెళ్ల విరిగి మీద పడి పోయాడు. పారమ్మకు నేనూ, రోకలీ మిగిలాం. పిల్లలు లేరు. ఊళ్లో వాళ్ల ధాన్యం దంచి పెట్టేది. బియ్యం వాళ్లవి, తవుడు ఆమెది. ఆ ఇంట్లో ఇంకేం లేకపోయినా తవుడు మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఆమె పక్కింట్లో జగ్గునాయుడు, అతని భార్య అసిరమ్మ. అసిరమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు, ముగ్గురూ నెల తిరగకుండా పోయారు. మూడోసారి ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, పాలు వచ్చి తడిసిపోతున్న రవికె వైపు చూసుకుంటూ ఉండిపోయింది. అది చూసి పారమ్మ ఇంటికి వచ్చి తాను ఏడ్చింది. నా పక్కనే కూర్చుని ఏడ్చింది కాబట్టి నాకు తెలుసు.

నాలుగోది ఆడపిల్ల. పుట్టిన అయిదో రోజున మంత్రసాని ఆ పిల్లను చేటలో పెట్టుకుని పారమ్మ గుమ్మం ముందుకు వచ్చింది. వెనక అసిరమ్మ, నిలబడలేక గోడ పట్టుకుని.

"ఇంక నీ పిల్ల అనకే అసిరీ" అంది మంత్రసాని. "అమ్మీసినావు. పిల్లల్నేని కొంపకి పిల్లల్ని అట్టుకెల్లీవోడు ఎందుకొత్తాడు? ఈ గుమ్మం ఆడికి తెల్దు."

అక్కడి వాళ్ల పద్ధతి అది. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను తవుడికి అమ్మేస్తారు. తవుడంత చవకైన వస్తువుకు పోయిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని వాళ్ల నమ్మకం. మృత్యువు అంత తెలివితక్కువదా అని నేను అప్పుడు లోపల నవ్వుకున్నాను. ఇత్తడి వస్తువుకు పిల్లలు పోవడం అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది!

పారమ్మ నన్ను తవుడులో ముంచింది. చదును చేయలేదు. పైన గుట్టగా, అన్ని వైపులా రాలేలా పోసింది. అది నేను ఒప్పుకునే కొలత కాదు, అయినా ఆ రోజు ఊరుకున్నాను. అసిరమ్మ కొంగు పట్టింది. మంత్రసాని అడిగింది.

"ఏటి కొన్నావు?"

"పిల్లని కొన్నాను" అంది పారమ్మ.

"ఎంతకి?"

"సోలడు తవుడికి."

మూడుసార్లు అడిగింది, మూడుసార్లు చెప్పింది. ఆ తర్వాత పారమ్మ చేటలోని బిడ్డను ఎత్తి అసిరమ్మ చేతుల్లోనే పెట్టి, "నా పిల్లని నువ్వు పెంచి పెట్టు" అంది. ఆటగా అనాల్సిన మాటను ఆమె ఆటగా అనలేకపోయింది. పిల్లకు తవిటి అని పేరు పెట్టారు. ఆ వైపున ఆ పేరు వినగానే ఇదంతా ఎవరికైనా అర్థమవుతుంది. వేరే చెప్పే పని లేదు.

చెప్పాల్సి వచ్చింది మాత్రం కరణం సీతాపతిరావు గారికి. ఆయన కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఊరి జననమరణాల పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. పారమ్మ ఆయన ఇంట్లో బియ్యం దంచడానికి వెళ్తూ నన్ను బుట్టలో వేసుకుపోయేది, అందుకే ఆ అరుగు మీద జరిగినదంతా నేను చూశాను. నెల దాటింది, పిల్ల బతికే ఉంది. ఆయన అసిరమ్మను పిలిపించి కలం తీశాడు.

"పిల్ల పేరు?"

"తవిటి."

"తల్లి పేరు?"

అసిరమ్మ నోరు తెరవలేదు. తన పేరు చెబితే బేరం చెడిపోతుంది. పిల్లను గుండెకు అదుముకుని, గడ్డం ఎత్తి పారమ్మ వైపు చూపించింది. పారమ్మ నన్ను కింద పెట్టింది.

"నానే బాబూ."

"నీ భర్త పోయి ఎన్నేళ్లయిందమ్మా?"

"నాలుగేళ్లు."

కరణం గారు కలం ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ చూపుకు అర్థం పారమ్మకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆయన తల్లి గడిలో పారమ్మ అని, తండ్రి గడిలో తెలియదు అని రాశాడు. ఎందుకు అన్న ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ ఆ పుస్తకంలో ఎందుకు అనే గడి లేదు.

ఊరందరికీ నిజం తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పారమ్మ నవ్వుకుంది కూడా. "మొగుడు నేకుండా పిల్లని కన్నాను, రోకలికి పుట్టిందనుకుంటాడు పంతులు" అనేది. అసిరమ్మ మాత్రం నవ్వేది కాదు. ఇంట్లో పాలిచ్చేది, నీళ్లు పోసేది, ఒళ్లో వేసుకుని పడుకోబెట్టేది తానే, కానీ పిల్లను ఒక్కసారి కూడా నా కూతురు అనలేదు. ఎవరైనా ఎవరి పిల్ల అని అడిగితే "పారమ్మది" అనేది. ఏటా పిల్ల పుట్టిన రోజున మా ఇంటికి వచ్చి, నాలో తవుడు పోసుకుని వెళ్లి పిల్ల పక్క కింద చల్లేది. పిల్ల మాటలు నేర్చాక పారమ్మను అమ్మా అని పిలిచింది. అది విని అసిరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

నాలుగేళ్లు గడిచాయి. ఒక పెద్ద అధికారి పుస్తకాలు తనిఖీ చేయడానికి ఊరికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ ఆ వరుస దగ్గర ఆగాడు. తండ్రి తెలియదట, పేరు తవిటట. "ఇది మనిషి పేరా, గేదె పేరా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ గుంపులో జగ్గునాయుడు ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను కరణం గారి అరుగెక్కాడు. "తండ్రి నేనని రాయండి బాబూ. దాన్ని కన్నది నా పెళ్లాం, ఆ పేరూ రాసీండి. ఆ పేరు కూడా... ఏదో ఒకటి మార్చీండి" అన్నాడు. అతనికి కోపం లేదు, సిగ్గు. కరణం గారు ఎర్ర సిరాతో తెలియదును కొట్టి జగ్గునాయుడు అని, పారమ్మను కొట్టి అసిరమ్మ అని రాశాడు. తర్వాత పిల్ల పేరు వైపు కాసేపు చూశాడు. ఆయన సరసుడు, ఎక్కువ కొట్టివేతలు ఇష్టపడడు. "తవిటిని సవిత చేద్దాం. చక్కటి పేరు, రెండక్షరాల పని" అని, త మీద స దిద్దాడు, ట మీద త దిద్దాడు. ట మీద ఉన్న గుడిని తీసేయడం మరిచిపోయాడు.

అలా పుస్తకంలో ఆ పిల్ల పేరు సవితి అయింది. దానికి అర్థం మీకు నేను చెప్పాలా? ఒక మగవాడికి ఇంకో పెళ్లాం.

వారం తిరక్కుండా పిల్లకు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు. అసిరమ్మకు మొగుడు చేసి వచ్చిన పని అప్పుడు తెలిసింది. పేరు మార్చాడట, తల్లి పేరు రాయించాడట. బేరం విరిగిపోయిందని ఆమెకు అర్థమైంది. అంటే మృత్యువుకు ఇల్లు తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం, చెప్పులు లేకుండా, జుట్టు విరబోసుకుని కరణం గారి అరుగు దగ్గరికి పరుగెత్తుకు వచ్చింది. పారమ్మా నేనూ అక్కడే ఉన్నాం.

"బాబూ, నా పేరు కొట్టీండి. పారమ్మ పేరు రాసీండి."

"మొన్ననే కదమ్మా దిద్దాను. మళ్లీ కొట్టాలంటే కారణం రాయాలి. ఏమని రాయను?"

"నాను దాని తల్లిని కానని రాయండి."

కరణం గారు ఆమెను చూశాడు, పారమ్మను చూశాడు. పారమ్మ రోకలి పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు, మంచివాడే. అసిరమ్మ పేరు కొట్టి, పైన ఇరుకులో మళ్లీ పారమ్మ అని రాసి, పక్కన సన్నటి అక్షరాలతో "తాను తల్లిని కానని అసిరమ్మ స్వయముగా చెప్పినందున" అని రాశాడు. కింద ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. ముద్ర అలికినట్టు పడింది.

పిల్లకు జ్వరం తగ్గింది. రాత వల్ల తగ్గిందని నేను అనను. నేను కొలతల మనిషిని, తెలియనిది చెప్పను. పదకొండు రోజులు పక్కన కూర్చున్న అసిరమ్మకు అదే జ్వరం పట్టుకుంది. ఆ పదకొండు రోజులూ ఆమె నన్ను వదల్లేదు, నాలో తవుడు పోసి పిల్ల తల దగ్గర పెట్టుకుంది. ఒక సాయంత్రం పిల్ల కళ్లు తెరిచి ఆమెనే చూసి "అమ్మా" అంది. అసిరమ్మ ఉలిక్కిపడి, తవుడు అంటిన చేత్తో పిల్ల నోరు మూసింది.

"నాను మీ అమ్మను కాను. మీ అమ్మ పారమ్మ. నన్నలా పిలవకు."

ఆ తర్వాత నాలుగు రోజులకు ఆమె పోయింది. జగ్గునాయుడు ఆ ఇంట్లో ఉండలేక పిల్లను తీసుకుని జూట్ మిల్లు ఉన్న ఊరికి పనికి వెళ్లిపోయాడు. పోతున్నప్పుడు పారమ్మ నన్ను చేత్తో పట్టుకునే వీధి చివరి దాకా వెళ్లింది. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఆ ఊరి మాట ఎత్తితే అతను లేచి వెళ్లిపోయేవాడని, పిల్లను వేరే పేరుతో పిలిచాడని, తవిటి అనే పేరు మళ్లీ నోటితో పలకలేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఈలోగా కిలోలు, లీటర్లు వచ్చాయి. ఒక ఇన్‌స్పెక్టరు నన్ను తిరగేసి నా ముద్ర చూసి, ఇది ఇక చెల్లదు అన్నాడు. నా మీద కొట్టివేత గీత ఒక్కటే తక్కువ. పారమ్మ నన్ను పారేయలేదు. పోయే దాకా దిండు పక్కన పెట్టుకుంది. తర్వాత నేను ఆమె తమ్ముడి ఇంటికి, అక్కడి నుంచి పారమ్మ ఇంట్లోనే కాపురం పెట్టిన ఆ తమ్ముడి కోడలు బంగారమ్మ చేతికి వచ్చాను. ముప్ఫై అయిదేళ్లుగా ఆమె గేదెకు తవుడు కొలుస్తున్నాను. గేదె కొలతలు అడగదు. ఒక రకంగా సుఖంగానే ఉంది.

మొన్న మాఘంలో ఇద్దరు ఆడవాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పెద్దామెకు డెబ్భై అయిదేళ్లు ఉంటాయి, కర్ర ఊతతో ఉంది. రెండో ఆమె కూతురు హైమ, పోస్టాఫీసులో పని చేసి ముందుగానే రిటైరయింది. ఇప్పుడు తమ వంశవృక్షం గీస్తోందట, చేతిలో చుట్టిన పెద్ద చార్టు, ఒక జిరాక్సు కాగితం. బంగారమ్మ మంచం వాల్చి, టీ ఇచ్చి, ఆ పక్కనే గేదెకు కుడితి కలపడానికి కూర్చుంది. నేను ఆమె చేతిలో ఉన్నాను.

హైమ విషయం చెప్పింది. అమ్మ జనన రికార్డు కోసం రెండేళ్లు తిరిగానని, తీరా దొరికితే అందులో ఒక్కో గడిలో రెండు మూడు కొట్టివేతలు ఉన్నాయని చెప్పింది. కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇక్కడ సవితి అని ఉంది. ఇక్కడ పారమ్మ. తండ్రి మా తాతయ్య. అంటే మా తాతయ్యకు పారమ్మ గారు రెండో ఆవిడ అన్నమాట. అసిరమ్మ గారు మా అమ్మ తల్లి కాదు. ఆవిడే స్వయంగా చెప్పి వేలిముద్ర వేసింది, చూడండి." హైమ గొంతు మామూలుగానే ఉంది. లెక్క తేలినవాళ్ల గొంతు.

పెద్దామె కాగితం వైపు చూడలేదు. "నాకు ఆ మాట గేపకమే" అంది. "నాలుగేళ్లుంటాయి. అమ్మా అంటే నోరు మూసీసింది. నాను మీ అమ్మను కానంది. ఎందుకలా అందో అని డెబ్భై ఏళ్లు అనుకున్నాను. నా మీద ఇట్టం నేదనుకున్నాను. మా అయ్యని అడిగితే సెప్పీవోడు కాదు. ఇప్పుడు తెలిసింది కదా, సవితి పిల్లని కామోసు." ఆ మాట అని ఆమె కర్రను నేల మీద ఒకసారి తిప్పింది. "పారమ్మ ఇల్లు సూసి పోదామని వచ్చినాం."

నాలో అరసోలెడు తవుడు ఉంది. నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

బంగారమ్మకు చదువు రాదు. "సవితి అని పేరు కాడ రాసినారా?" అని అడిగింది.

"అవునండి, పేరు గడిలోనే."

"పేరు రాసే కాడ పేరే కదమ్మా రాత్తారు. సవితి అని ఏ తల్లి పేరెడతాది?" అని తవుడు గేదె తొట్టిలో వంపబోయి ఆగిపోయింది. చేతిలో నన్ను చూసింది, పెద్దామెను చూసింది. "తవిటి అయుంటాది" అంది నెమ్మదిగా. "ఓలమ్మ. పారమ్మత్త కొన్న గుంటవి నువ్వేనా అప్పా?"

హైమ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. స కింద త, త కింద ట. గీతలు దళసరిగా పడిన చోట్ల ఇప్పుడు కనిపించాయి. తాను అన్ని ఆఫీసులు తిరిగి చదవలేకపోయిన మాటను చదువు రాని మనిషి తవుడు చూసి చదివింది.

బంగారమ్మ చెప్పింది. పారమ్మత్త పోయే ముందు కూడా ఈ సోల చూపించి, "దీంతోనే నా కూతుర్ని కొన్నాను" అనేదట. ముగ్గురు పోయారని, నాలుగో దాన్ని నిలబెట్టుకోవడానికి అమ్మారని, కన్న తల్లి తల్లినని ఒప్పుకుంటే బేరం చెడిపోతుందని చెప్పింది. "అందుకే కానని సెప్పుంటాది. అనకపోతే నువ్వు దక్కవని."

పెద్దామె చేయి చాపింది. బంగారమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది. ఆమె ముఖం దగ్గరికి తెచ్చుకుని తవుడు వాసన చూసింది.

"ఆ సెయ్యి ఈ వాసనే, హైమా" అంది. "నా నోరు మూసిన సెయ్యి. నాకు వాసన గేపకముంది, దేనిదో తెల్దు."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. నాలుగేళ్ల పిల్ల ఏడ్చినట్టు, వెక్కి వెక్కి, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చింది. ఆవిడ పేరున ఒక్క తద్దినం పెట్టలేదని, ఆవిడ మాట వస్తే మొహం తిప్పుకున్నానని, కడుపున పుట్టిన కూతురికి ఆ పేరు పెడదామని మొగుడంటే వద్దన్నానని చెప్పి ఏడ్చింది. హైమ తల్లి భుజం పట్టుకుంది. ఇంకో చేత్తో చార్టు విప్పి, కలం తీసి, తల్లి గడిలో రాసిన పారమ్మ మీద గీత కొట్టబోయింది.

"ఉండు" అంది పెద్దామె. "ఆవిడ కొట్టించుకున్న పేరు ఊరికే రాయకూడదు." బంగారమ్మ వైపు తిరిగింది. "అమ్మినోళ్లు మల్లీ కొనుక్కుంటారు కదే సెల్లీ?"

"పెళ్లికి ముందు కొనుక్కుంటారప్పా. సోలడు తవుడు తిరిగిచ్చీసి. నిన్నెవులూ కొనుక్కోనట్టుంది."

"అయితే నానింకా పారమ్మ పిల్లనే."

"అవునప్పా."

పెద్దామె కర్ర పక్కన పెట్టి, కష్టపడి నేల మీద కూర్చుంది. తవుడు బస్తాలోంచి నన్ను నింపింది. చదును చేయలేదు. డెబ్భై అయిదేళ్ల కిందట పారమ్మ పోసినట్టే, గుట్టగా, నాలుగు వైపులా రాలేలా పోసింది. అలా పోశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు చేతులతో ఎత్తి బంగారమ్మ కొంగులో వంపింది.

"నన్ను నాను కొనుక్కున్నాను" అంది.

"ఇంక ఆడికి ఇల్లు తెలిసిపోతాదప్పా" అంది బంగారమ్మ. ఆమె నమ్మే అంది.

"తెలవనీ. ఇన్నేళ్లు కాసింది, సాల్దేటి?"

అప్పుడు ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని, ఒకప్పుడు అసిరమ్మ ఉన్న పక్కింటి జాగా వైపు తిరిగింది. అక్కడ ఇల్లు లేదు, ఎప్పుడో పడిపోయింది, పిడకలు ఆరేస్తారు. అటు చూస్తూ "అమ్మా" అంది. నోరు మూయడానికి ఎవరూ రాలేదు. కాసేపు ఆగి, వినబడలేదేమో అన్నట్టు, ఇంకోసారి గట్టిగా పిలిచింది.

హైమ చార్టులో అసిరమ్మ అని రాసింది. పారమ్మ మీద గీత కొట్టలేదు, ఆ పేరునూ అలాగే ఉంచింది. సర్కారు పుస్తకంలో మాత్రం ఏమీ మారలేదు. దాన్ని దిద్దాలంటే కారణం రాయాలి. ఈ కారణం రాయడానికి అందులో చోటు లేదు.

వెళ్లేటప్పుడు నన్ను ఇమ్మని అడుగుతారనుకున్నాను. అడగలేదు. బేరం తీరిపోయాక సోల ఎవరింటి సోల వాళ్లకే. బస్సు వేళయిందని ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయారు. బంగారమ్మ గుమ్మంలో నిలబడి వాళ్లు మలుపు తిరిగే దాకా చూసి, కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. కొంగులో ఉన్న తవుడును ఏం చేయాలో ఆమెకు కాసేపు తోచలేదు. గేదె అరిచింది. తొట్టిలో పోసేసింది.